గారడీవాళ్లను ఒక్కతాటిపైకి తెచ్చిన హౌడినీ

తిరునాళ్లలో గారడీ చేసేవాడికి పోలీసు కంటే భయం మరొకరున్నారు. చుట్టూ మూగిన జనంలో ఇంకో గారడీవాడు కనిపిస్తే అతని గుండె దడదడలాడుతుంది. తన గుట్టు పట్టుకుపోతాడని బెంగ. తండ్రి కొడుక్కి, గురువు శిష్యుడికి తప్ప చెప్పని విద్య అది. అమెరికాలోనూ ఒకప్పుడు ఇదే వరస. ఒకరి మొహం ఒకరు చూడని అలాంటివాళ్లను ఊరూరా జట్టు కట్టించినవాడు, బేడీలు విడిపించుకోవడంలో జగత్ప్రసిద్ధుడైన హ్యారీ హౌడినీ.

ఆయన అసలు పేరు ఎరిక్ వైస్. 1874 మార్చి 24న హంగరీలోని బుడాపెస్ట్ నగరంలో పుట్టాడు. తండ్రి యూదుల మత గురువు. పిల్లవాడికి నాలుగేళ్లప్పుడు కుటుంబం అమెరికా చేరి ఆపిల్టన్ అనే ఊళ్లో దిగింది. అక్కడ తండ్రి కొలువు నిలవలేదు. ఇల్లు గడవక పిల్లవాడు పత్రికలు అమ్మాడు, బూట్లు తుడిచాడు. న్యూయార్క్ వచ్చాక నెక్‌టైల కార్ఖానాలో పనిచేశాడు. ఫ్రాన్సు దేశపు పేరుమోసిన ఐంద్రజాలికుడు రాబర్ట్ హౌడిన్ జీవితకథ చదివి మురిసిపోయి, ఆ పేరునే కాస్త మార్చి తనకు పెట్టుకున్నాడు. అయితే 1908లో అదే హౌడిన్ గొప్పలన్నీ వట్టివని పుస్తకం రాసి అచ్చు వేయించాడు. పేరు అరువు తెచ్చుకున్నవాడు చేయదగ్గ పని కాదది.

1894లో బెస్ అనే అమ్మాయిని పెళ్లాడాడు. భార్యాభర్తలిద్దరూ సర్కస్‌లలో, చిన్నచిన్న హాళ్లలో ఆడుతూ కడుపు నింపుకున్నారు. 1899లో మార్టిన్ బెక్ అనే నాటకశాలల యజమాని కంటపడడంతో దశ తిరిగింది. పేకముక్కల ఆటలు మాని బేడీల ఆటే పట్టుకోమని బెక్ సలహా ఇచ్చాడు. మరుసటి ఏడాదే యూరప్ వెళ్లాడు. 1904లో లండన్‌లో ఒక పత్రికవారు ప్రత్యేకంగా చేయించిన బేడీలను వేలాది జనం ముందు గంటకు పైగా పెనుగులాడి విడిపించుకున్నాడు. 1908లో నీళ్లు నింపిన పాలక్యాను, 1912లో తలకిందులుగా దించే నీళ్లపెట్టె. వాటిలోంచి ఎలా బయటపడేవాడన్నది ఇక్కడ చెప్పడం ఆయన సంఘం కట్టుబాటుకు విరుద్ధం.

ఆ సంఘం సంగతే అసలు చెప్పుకోవలసింది. న్యూయార్క్‌లో మార్టింకా అనే గారడీ సామాన్ల దుకాణం ఉండేది. 1902 మే 10న ఆ దుకాణం వెనక గదిలో 24 మంది కూడి అమెరికా ఐంద్రజాలికుల సంఘం పెట్టుకున్నారు. ఇలాంటి కూటముల్లో జరిగే తంతు సాదాసీదా. నెలకోసారి చేరతారు. ఒకరి తర్వాత ఒకరు లేచి కొత్తగా నేర్చింది చేసి చూపిస్తారు. లోపం ఉంటే తోటివారు చెబుతారు. జనం ముందు నవ్వులపాలయ్యే కంటే అక్కడ తప్పు దిద్దుకోవడం నయం కదా. గుట్టు బయటపెట్టనని మాట ఇచ్చినవారికే ప్రవేశం.

పద్నాలుగేళ్లు గడిచినా ఆ సంఘం బలం పుంజుకోలేదు. 1916లో హౌడినీ ఆటలకని ఏ నగరం వెళ్లినా అక్కడి గారడీవాళ్లను పిలిచి, భోజనం పెట్టి, సంఘంలో చేరమని నచ్చజెప్పాడు. ఖర్చు సొంత జేబులోంచే. బఫెలో క్లబ్బు మొదట చేరింది. డెట్రాయిట్, పిట్స్‌బర్గ్, కాన్సాస్ సిటీ వంటి చోట్ల మాట తీసుకున్నాడు. క్లబ్బు లేని ఊళ్లో విడివిడిగా ఉన్నవారిని వెతికి ఒకరికొకరిని పరిచయం చేశాడు. నిజానికి హౌడినీ కలివిడి మనిషి కాడు. గొప్పలు ఎక్కువ, కోపం ఎక్కువ. తనను అనుకరించేవారిని వెంటాడి మరీ సతాయించేవాడు. అలాంటివాడు ఈ పనికి పూనుకోవడమే వింత. 1917లో అధ్యక్షుడై, ఏటేటా తిరిగి ఎన్నికవుతూ చనిపోయేదాకా ఆ పదవిలోనే ఉన్నాడు.

మొదటి ప్రపంచ యుద్ధంలో బిడ్డలను పోగొట్టుకున్న తల్లిదండ్రులతో అమెరికా, ఇంగ్లాండు నిండిపోయాయి. చనిపోయినవారితో మాట్లాడిస్తామని చీకటి గదుల్లో డబ్బు గుంజేవారు బయలుదేరారు. గారడీని గారడీ అని చెప్పి చేస్తే వినోదం, మహిమ అని చెబితే మోసం అన్నది హౌడినీ పట్టు. ఆయన తల్లి 1913లో పోయింది. ఆ దుఃఖం తీరనేలేదు. 1922లో షెర్లాక్ హోమ్స్ కథలు రాసిన కానన్ డాయల్ భార్య, తల్లి ఆత్మ పలికిందంటూ పేజీలకు పేజీలు ఉత్తరం రాసి ఇచ్చింది. ఉత్తరమంతా ఇంగ్లీషు. ఆ తల్లికి ఆ భాష సరిగా రాదు. ఆ స్నేహం అక్కడితో చెడింది. తర్వాత హౌడినీ ఊరూరా అలాంటివారి గుట్టు రట్టు చేశాడు. డబ్బుకు జోస్యం చెప్పడాన్ని వాషింగ్టన్ నగరంలో నిషేధించాలని 1926లో చట్టసభ సంఘం ముందు వాదించాడు. ఆ బిల్లు నెగ్గలేదు.

అదే ఏడాది అక్టోబరులో మాంట్రియల్‌లో ఒక విద్యార్థి ఆయన పొట్ట గట్టితనం చూస్తానంటూ పిడిగుద్దులు గుద్దాడు. నొప్పి, జ్వరం ముదిరినా డెట్రాయిట్‌లో ఆట మానలేదు. ఆపరేషన్ చేసినా లోపల చీము పాకిపోయింది. అక్టోబరు 31న 52వ ఏట కన్నుమూశాడు. ఆటలో వాడేందుకు చేయించుకున్న కంచు శవపేటికలోనే న్యూయార్క్ తీసుకొచ్చారు. తల్లి రాసిన ఉత్తరాలను, ఆయన కోరిక ప్రకారం, తలకింద పెట్టారు. అంత్యక్రియల్లో సంఘంవారు మంత్రదండాన్ని విరిచారు. ఈనాటికీ ఆ క్లబ్బుల్లో సభ్యుడెవరైనా పోతే దండం విరిచే సాగనంపుతారు.