కవిసార్వభౌముడు శ్రీనాథుడు

రాజమహేంద్రవరమునకు ఉత్తరముగా కొలదిదూరమున కోరుకొండ యను గ్రామము కలదు. అచట కొండపై లక్ష్మీనరసింహస్వామి వెలసియున్నాడు. 14వ శతాబ్దమున ముమ్మడి నాయకుడను వీరుడు ఈ కోరుకొండ నుండి గోదావరీతీరమును ఏలెను. ఆతని తరువాత ఆ సీమ రెడ్డిరాజుల చేతిలోనికి వచ్చినది. రాజమహేంద్రవరమునందలి ఆ రెడ్డిరాజుల కొలువునకు వన్నె తెచ్చినవాడు శ్రీనాథ మహాకవి. ఆతనిని కవిసార్వభౌముడని లోకము పిలిచెను. అయితే ఆ బిరుదము గోదావరీతీరమున లభించినది కాదు. పరరాజు నగరమునకు పోయి, ఆతని సభలో, అంతవరకు గడించిన కీర్తినంతయు పణముగా నొడ్డి శ్రీనాథుడు దానిని గెలుచుకొనెను.

శ్రీనాథుడు 14వ శతాబ్దము చివరి భాగమున జన్మించెను. తల్లి భీమాంబ, తండ్రి మారయ. తాతయైన కమలనాభుడు కవి. మనుమనికి ఆ విద్య ఉగ్గుపాలతోనే అబ్బినది. బాల్యముననే మరుత్తరాట్చరిత్రమును, యౌవనారంభమున శాలివాహన సప్తశతిని రచించెను. ఆ రెండు గ్రంథములును నేడు దొరకవు.

ఆ కాలమున కొండవీటిని 1402 నుండి 1420 వరకు పెదకోమటి వేమారెడ్డి పాలించెను. ఆతడు స్వయముగా సంస్కృత పండితుడు. అలంకారశాస్త్రమున గ్రంథము వ్రాసినవాడు. అట్టి రాజు శ్రీనాథుని తన ఆస్థానమున విద్యాధికారిగా నియమించెను. రాజు దర్శనమునకై వచ్చు పండితులను పరీక్షించుట, దానశాసనములకు శ్లోకములు రచించుట ఆ యుద్యోగి పనులు. పండితుడైన ప్రభువు నొద్ద ఆ కొలువు నిలుపుకొనుట సులభమైన పని కాదు. సంస్కృతమున మిక్కిలి కఠినమని పేరుపడిన శ్రీహర్షుని నైషధమును శ్రీనాథుడు తెలుగు చేసి మామిడి సింగనామాత్యునకు అంకితమిచ్చినది ఈ కాలముననే.

ఇంతటి పండితునకు హాస్యమన్న ప్రీతి మెండు. త్రోవలో కనబడిన ప్రతి వింతపైనను అప్పటికప్పుడు ఒక చాటుపద్యము చెప్పెడివాడు. పలనాటికి పోయినప్పుడు అచట వరియన్నము దొరకక, ఎచ్చట చూచినను జొన్నకూడే యని ఎగతాళి చేసెను. ఆ సీమలో దాహమై నీరు దొరకనప్పుడు ఆతడు శివుని వేడుకొన్న తీరు మరింత చమత్కారమైనది. సంపదలు గల శ్రీకృష్ణుడు పదునారువేలమంది భార్యలను పోషింపగలడు, బిచ్చమెత్తుకొను శివునకు ఇద్దరు భార్యలేల, పార్వతి చాలును గనుక గంగను విడిచిపెట్టుమని ఆతని ప్రార్థన! శ్రీనాథుని పేర ప్రచారమందున్న చాటువులన్నియు ఆతనివే యని చెప్పుటకు వీలులేదు. పిన్న కవులు కొందరు తమ పద్యములను ఆతని ఖాతాలో చేర్చి యుందురు. ఐనను ఈ పద్యముపై శ్రీనాథుని ముద్ర స్పష్టముగా ఉన్నది.

పెదకోమటి వేముని మరణానంతరము కొలది యేండ్లకే కొండవీటి రాజ్యము కూలెను. విద్యాధికారికి అధికారము పోయినది, ఆశ్రయమును పోయినది. అప్పుడు విజయనగరమున ప్రౌఢదేవరాయలు రాజ్యము చేయుచుండెను. దక్షిణదేశమున అంతటి ప్రభువు లేడు. 1443లో ఆ నగరమునకు వచ్చిన పారసీక రాయబారి అబ్దుల్ రజాక్, దాని చుట్టును ఒకదానిలోపల నొకటిగా ఏడు ప్రాకారము లున్నవని వ్రాసెను. శ్రీనాథుడు ఆ నగరము దారి పట్టెను.

ఏడు ప్రాకారములు దాటుట కంటె రాజదర్శనము సంపాదించుటయే కష్టమైనది. అచట భాష వేరు, వేషము వేరు, తిండి వేరు. రాజసభకు పోవలెనన్న తలపై కుళ్లాయి పెట్టవలెను, పొడవైన అంగీ తొడుగవలెను. వెల్లుల్లి చేర్చిన నువ్వులపిండి, చల్లతో కలిపిన అంబలి ఆ తెలుగు బ్రాహ్మణునకు మింగుడుపడలేదు. మరియొకడైన తిరిగి పోయెడివాడు. కాదేని అధికారుల కాళ్లు పట్టుకొనెడివాడు. శ్రీనాథుడు ఆ రెండును చేయలేదు. తాను పడుచున్న పాట్లనన్నిటిని వరుసగా పేర్కొని, ఇంత చేసిన తరువాతనైనను తనపై దయ రాదా యని కన్నడ రాజ్యలక్ష్మికే ఒక పద్యమున మొరపెట్టుకొనెను. వినుటకు అది దీనాలాపమువలె నుండును. కాని వచ్చినవాడు శ్రీనాథుడని చివర తన పేరు చెప్పుకొనుటలో ఎంత ఠీవి యున్నదో చూడుడు. రాజ్యమును నిందింపక, తన్ను కించపరచుకొనక, వినువారికి నవ్వు తెప్పించి పని సాధించుకొను నేర్పు అది.

ఆ సభలో గౌడ డిండిమభట్టు అను ఉద్దండ పండితుడుండెను. ఆతనికి కంచుఢక్క యొకటి కలదు. తనను వాదమున గెలువగలవాడు లేడని చాటుటకు దానిని మ్రోగించెడివారు. దేశదేశముల పండితులు ఆ మ్రోతకే వెనుదీసిరి. ఆతనితో వాదమునకు దిగినవాడు ఓడినచో బిరుదములన్నియు వదలుకొని పోవలసినదే. ఆశ్రయము లేక వచ్చిన శ్రీనాథునకు ఆ బిరుదములే మిగిలిన ఆస్తి. ఐనను ఆతడు వెనుదీయలేదు. వాదమున డిండిమభట్టు ఓడెను. శ్రీనాథుని కోరికపై ఆ కంచుఢక్కను నిండుసభలో పగులగొట్టిరి. చంద్రభూష క్రియాశక్తి సమక్షమున ఆతనికి కవిసార్వభౌమ బిరుదము లభించెను. రాయలు తన ముత్యాలశాలలో శ్రీనాథుని కూర్చుండబెట్టి బంగారు నాణెములతో స్నానము చేయించెను. దీనినే కనకాభిషేక మందురు. కొన్ని దినములకు ముందు కుళ్లాయి బరువును గూర్చి మొరపెట్టుకొన్న తలపైననే ఆ నాణెములు కురిసినవి!

పిమ్మట శ్రీనాథుడు రాజమహేంద్రవరము చేరెను. అచట అల్లాడరెడ్డి కుమారులైన వేమారెడ్డి, వీరభద్రారెడ్డి పాలించుచుండిరి. వారి మంత్రియైన బెండపూడి అన్నయకు భీమఖండమును అంకితమిచ్చెను. దాక్షారామ భీమేశ్వరుని మహిమను, గోదావరీమండలపు సొంపును అందు కన్నులకు కట్టినట్లు వర్ణించెను. కాశీఖండమును వీరభద్రారెడ్డికి అంకితమొనర్చెను. ఇది ఆతని జీవితమున మంచి కాలము.

అది యెంతోకాలము నిలువలేదు. ఆదరించిన ప్రభువులు ఒక్కరొక్కరుగా గతించిరి. వృద్ధాప్యమున శ్రీనాథుడు కృష్ణాతీరమున బొడ్డుపల్లె యను గ్రామమును గుత్తకు తీసికొని సేద్యమునకు దిగెను. బంగారుపళ్లెరమున భుజించిన చేయి నాగలి పట్టవలసివచ్చెను. పంట కొంత కృష్ణ వరదలో పోయినది; మిగిలిన నువ్వులు, పెసలు పక్షులు తినిపోయినవి. ఏడువందల టంకముల శిస్తు చెల్లింపలేని ఆ వృద్ధుని రాజభటులు పట్టుకొని, కాళ్లకు సంకెలలు తగిలించి, భుజముపై నల్లగుండు పెట్టి, నగరి వాకిట నిలబెట్టిరి. మెడలో పొగడదండ వేసిరి. పొగడదండ యనగా పొగడపూల మాల యనియు అర్థము, శిక్షగా మెడకు తగిలించు సాధనమనియు అర్థము. ఆ దుర్దశలో కూడ కవి ఆ శ్లేషను విడువలేదు. కవిరాజు కంఠమునకు ఆ దండ పడినదని పద్యము చెప్పెను.

అవసానకాలమున చెప్పినదని ప్రసిద్ధికెక్కిన మరియొక పద్యము కలదు. అందు తన్ను పోషించినవారినందరిని పేరు పేరున తలచుకొనెను. వారందరును స్వర్గమున నుండగా, ఈ కలియుగమున ఇక తాను దైన్యముతో ఉండనేల యని, దేవలోకపు కవికి గుండె అదరునట్లు శ్రీనాథుడు అమరపురమునకు బయలుదేరెను.