ఓడిపోయిన పోటీ, నిలిచిన గుమ్మటం

ఇటలీలోని ఫ్లోరెన్సు నగరం అనగానే అక్కడి కతెడ్రల్ దేవాలయంమీది ఎర్రని ఇటుక గుమ్మటం మనసులో మెదులుతుంది. దానిని నిర్మించిన ఫిలిప్పో బ్రూనెల్లెస్కి 1377లో ఆ నగరంలోనే జన్మించాడు. తండ్రి నోటరీ. కొడుకు మాత్రం బంగారు పని నేర్చుకున్నాడు.

1401లో పునీత స్నాపక యోహాను జ్ఞానస్నాన మందిరానికి కంచు తలుపులు చేయించాలని బట్టల వర్తకుల సంఘంవారు పోటీ పెట్టారు. ఏడుగురు శిల్పులు పాల్గొన్నారు. అబ్రహాము తన కుమారుడైన ఈసాకును బలి ఇవ్వబోయే ఘట్టాన్ని కంచుపలకపై మలచాలి. గడువు ఒక సంవత్సరం. పరీక్షకులు 34 మంది.

చివరకు ఇద్దరి పలకలు మిగిలాయి. బ్రూనెల్లెస్కి పలకలో దేవదూత అబ్రహాము చేయి గట్టిగా పట్టుకుని ఆపుతాడు. కత్తి అప్పటికే ఈసాకు గొంతు దగ్గర ఉంటుంది. చూసినవారి గుండె ఝల్లుమంటుంది. రెండవ పలక 23 ఏళ్ల లోరెంజో గిబెర్టిది. అది సౌమ్యంగా, అందంగా ఉంటుంది. పైగా బ్రూనెల్లెస్కి బొమ్మలను విడివిడిగా పోతపోసి పలకకు బిగించగా, గిబెర్టి దాదాపు మొత్తం ఒకే పోతలో తీశాడు. అందువల్ల సుమారు 7 కిలోల కంచు ఆదా అయింది. తలుపుల పని గిబెర్టికే దక్కింది.

అందరూ ఏకగ్రీవంగా తననే ఎన్నుకున్నారని గిబెర్టి రాసుకున్నాడు. ఇద్దరినీ కలిసి చేయమంటే బ్రూనెల్లెస్కి ఒప్పుకోలేదని ఆయన జీవితచరిత్రకారుడు రాశాడు. ఏది ఏమైనా ఓటమి ఆయనను గాయపరిచింది. ఆయన రోము నగరానికి వెళ్లి, పాత కట్టడాలను కొలుస్తూ, రోమనులు అంతంత కప్పులు ఎలా నిలబెట్టారో పరిశీలించాడు.

ఫ్లోరెన్సు కతెడ్రల్‌కు అప్పటికి గుమ్మటం లేదు. సుమారు 45 మీటర్ల వెడల్పున కప్పు వేయాలి. అంత ఎత్తుకు కర్రల సెంట్రింగు కట్టడం అసాధ్యం. 1418లో మళ్లీ పోటీ ప్రకటించారు. సెంట్రింగు లేకుండానే కట్టవచ్చని బ్రూనెల్లెస్కి ఇటుకల నమూనాతో చూపించాడు. 1420లో పని మొదలైంది. అయితే ఆయనతో సమానంగా మరొకరిని కూడా నియమించారు. ఆ మరొకరు గిబెర్టి!

ఈసారి ఆయన పని విడిచిపెట్టి పోలేదు. ఒకదానిలో ఒకటిగా కట్టిన రెండు గుమ్మటాలలో ఇటుకల ప్రత్యేకమైన అల్లిక, బరువులెత్తే కొత్త యంత్రాలు ఆయన ఆలోచనలే. 1436 మార్చి 25న, మంగళవార్త పండుగనాడు, 4వ యూజీను పోపుగారు ఆ దేవాలయాన్ని అభిషేకించారు. అదే సంవత్సరం గుమ్మటం పని పూర్తయింది. అనాథ శిశువులకోసం ఫ్లోరెన్సులో కట్టిన ఆశ్రమం కూడా ఆయన రూపకల్పనే. 1446లో మరణించిన బ్రూనెల్లెస్కిని ఆ గుమ్మటం ఉన్న కతెడ్రల్‌లోనే సమాధి చేశారు.

గిబెర్టి కూడా బహుమతితో తృప్తిపడి కూర్చోలేదు. ఆ తలుపులకు 1424 వరకు, రెండవ జత తలుపులకు 1425 నుండి 1452 వరకు శ్రమించాడు. గెలిచినవాడికి దొరికినది విశ్రాంతి కాదు, సుమారు అర్ధశతాబ్దపు చాకిరీ. నాటి రెండు పోటీ పలకలు నేడు ఫ్లోరెన్సులోని బార్జెల్లో మ్యూజియంలో ఉన్నాయి. ఓడిన పలకను ఎవరూ పారవేయలేదు.

ప్రియమైన తల్లిదండ్రులారా, విచారణ పండుగ పోటీలలో మీ బిడ్డ వేసిన బొమ్మను గోడకు తగిలిస్తారు. బహుమతి రాకపోతే పక్కింటి బిడ్డతో పోల్చి చిన్నబుచ్చకండి. బహుమతి ఒక పనిమీద ఇచ్చిన తీర్పు. అది బిడ్డమీద ఇచ్చిన తీర్పు కాదు. అబ్రహాము తనకు అత్యంత ప్రియమైన దానిని దేవుని చేతికి అప్పగించాడు. ఆ ఘట్టాన్ని కంచులో మలచిన శిల్పి తన పేరుప్రతిష్ఠల విషయంలో అదే పాఠాన్ని ఏళ్ల తరబడి నేర్చుకోవలసి వచ్చింది. మన పిల్లలకు ఆ పాఠం మన ఇంటిలోనే మొదలు కావాలి.