రిఖ్తోఫెన్ వైమానికుడు, అతని సమాధులు

మా తరగతులయందు లెక్కల పుస్తకముల యంచులపై మూడు ఱెక్కల యెఱ్ఱ విమానమును గీయు బాలురు ఏటేట నిద్దఱు ముగ్గురైనను కానవత్తురు. దానిని నడపినవాడెవడని యడిగినచో రిఖ్తోఫెన్ అని చెప్పుదురు. ఎనుబది విమానములను గూల్చిన జర్మను వీరుడనియు చెప్పుదురు. అంతకు మించి చెప్పజాలరు. ఆ యెనుబది యను సంఖ్య వెనుకనున్న మనుష్యుని గుఱించియు, అతడు మరణించిన పిమ్మట నతని కుటుంబమువారు పడిన శ్రమను గుఱించియు కొంత వ్రాయదలచితిమి.

మాన్‌ఫ్రెడ్ రిఖ్తోఫెన్ 1892వ సంవత్సరము మే నెల 2వ తేదీన బ్రెస్లావు నగర సమీపమున నొక ప్రభువంశమునందు జన్మించెను. నాడు జర్మను సామ్రాజ్యమున నుండిన యా నగరము నేడు పోలండు దేశములోనిది. అతని బాల్యముననే కుటుంబము ష్వైద్నిట్సు పట్టణమునకు దరలిపోయెను. తండ్రి సైనికోద్యోగి యగుటచే బాలుని పదునొకండవ యేట సైనిక పాఠశాలకు బంపిరి. అచ్చటి కట్టుబాట్లు అతనికి రుచింపలేదు. చదువు పరీక్ష దాటుటకు జాలినంత మాత్రమే. వేటయందును, ఎత్తులెక్కుటయందును మాత్రము మిక్కిలి నేర్పరి. ఒకమాఱు దేవాలయ శిఖరము నెక్కి, పిడుగుకమ్మికి చేతిరుమాలు గట్టి దిగివచ్చెను. (ఇది మా విద్యార్థులు అనుకరింపదగిన కార్యము గాదు.)

1914లో మహాయుద్ధము ప్రారంభమైనప్పు డతడు గుఱ్ఱపు పటాలమున నధికారి. కందకములును ముండ్లతీగెలును నిండిన యుద్ధభూమిలో గుఱ్ఱములకు బని లేకపోయెను. సరకులు చేరవేయు కొలువు తనకు వలదని పైవారికి విన్నవించుకొని, 1915 మే నెలలో వైమానికదళమున జేరెను. తొలుత నితరులు నడపు విమానమున గూర్చుండి శత్రువుల జాడలు గనిపెట్టుచుండెను. పిదప తానే నడప నేర్చెను గాని, మొదటిమాఱు ఒంటరిగా ఎగిరి దిగునపుడు విమానమును విఱుగగొట్టుకొనెను. 1916 ఆగస్టులో బోయెల్కె యను ప్రసిద్ధ వైమానికుడు ఇతనిని తన దళమునకు ఎన్నుకొనెను.

ఆ సంవత్సరము సెప్టెంబరు 17వ తేదీన రిఖ్తోఫెన్ మొదటి విమానమును గూల్చెను. అందున్న ఆంగ్లేయ యువకు లిద్దఱును మరణించిరి. వారి గౌరవార్థము సమాధిపై నొక రాయి నుంచెను. అటుపిమ్మట బెర్లిను నగరమందలి నగల వర్తకునిచే నొక చిన్న వెండి గిన్నెను చేయించుకొనెను. నాటినుండి విమానమునకొక గిన్నె చొప్పున వచ్చుచుండెను. ప్రతి పదియవ గిన్నెయు మిగిలినవానికంటె పెద్దది. వానిపై వరుససంఖ్య, విమానపు జాతి, అందున్న మనుష్యుల లెక్క, తేదీ చెక్కబడియుండును. పేర్లు లేవు. అఱువది గిన్నెలైన పిమ్మట జర్మనీలో వెండి కఱవై ఆ పని నిలిచిపోయెను, పోరు నిలువలేదు.

1916 నవంబరు 23వ తేదీన అతనిచే హతుడైనవాడు లేనో హాకరు. ఇతడు విక్టోరియా క్రాసు పతకము నందిన ఆంగ్లేయ దళనాయకుడు. ఒకరి వెనుకకు మఱియొకరు చేరవలెనని యిరువురును చాలసేపు గుండ్రముగా దిరిగిరి. గాలి జర్మనుల వైపునకు వీచుటచే హాకరు శత్రుభూమి లోపలికి గొట్టుకొనిపోవుచుండెను. తుదకు తన పంక్తులవైపు మఱలినపుడు గుండు తలకు తగిలెను. అతని మరతుపాకిని రిఖ్తోఫెన్ తెప్పించుకొని తన యింటి గదిలో తలుపుపైన వ్రేలాడదీసెను.

1917 జనవరిలో నొక దళమునకు నాయకుడై, ప్రష్యాదేశపు అత్యున్నత సైనిక పతకమును బడసెను. విమానమునకు ఎఱుపు రంగు పూయించినది అప్పుడే. ఏప్రిలు నెల యొక్కదానిలోనే యిరువదికి మించిన విమానములను గూల్చెను. మూడు ఱెక్కల విమాన మతనికి ఆ యేటి వేసవి కడపటగాని లభింపలేదు. ఎనుబదింటిలో దానితో గూల్చినవి యిరువదికి లోపే. చిత్రములు గీయు బాలురు గమనింతురు గాక!

1917 జూలై 6వ తేదీన తలకు గుండు తగిలెను. గాయము పూర్తిగా మానకమునుపే మరల నెగురసాగెను. ఇంటికి వచ్చినపు డతడు మునుపటివాడు కాడని తల్లి కనిపెట్టెను. ఆమె దినచర్యలు 1937లో గ్రంథముగా వెలువడినవి. అతడును తన పేర 1917లో వెలువడిన పుస్తకమందలి గర్వపు ధోరణి ఇక తనది కాదనియు, ప్రతి పోరు ముగిసిన పిమ్మట మనస్సు కుంగుచున్నదనియు వ్రాసికొనెను. కాని, సామాన్య సైనికులు కందకములలో నిలిచియుండగా తాను మఱలుట తగదని తలచెను. ఆ తలంపును నిందించుటకు మాకు నోరాడదు, మెచ్చుటకును ఆడదు.

1918 ఏప్రిలు 21వ తేదీన సోమ్ నది సమీపమున పోరు జరిగెను. అతని బంధువగు వోల్ఫ్రాం పోరునకు క్రొత్తవాడు. ఆ బాలుని తఱిమిన కెనడా యువకుడు మే అనునతడును క్రొత్తవాడే. రిఖ్తోఫెన్ మే వెంటబడి, తన నియమములకు విరుద్ధముగా, శత్రుపంక్తులమీద మిక్కిలి క్రిందుగా నెగిరెను. ఒక్క గుండు ఱొమ్మున దూసికొనిపోయెను. అతని వయస్సు ఇరువదియైదు. రాయ్ బ్రౌను అను కెనడా వైమానికుడు గూల్చెనని చాలకాలము ప్రచారమయ్యెను. నేలనుండి ఆస్ట్రేలియా సైనికుడు కాల్చిన గుండే తగిలెనని నేటి పరిశోధకులలో పెక్కురి యభిప్రాయము. రక్షింపబడిన వోల్ఫ్రాం తరువాతి కాలమున హిట్లరు సైన్యమున నున్నతాధికారియై, 1937లో స్పెయినుదేశపు గెర్నికా పట్టణముపై బాంబులు వేసిన దళమును నడపెను.

మఱునాడు శత్రువులే అతనిని బెర్టాంగ్లు గ్రామమున సైనిక మర్యాదలతో బూడ్చిరి. సమాధి ఛాయాచిత్రమును జర్మనుల వైపు విమానమునుండి జారవిడిచిరి. యుద్ధానంతరము ఆ శరీరమును ఫ్రికూరు జర్మను శ్మశానమునకు మార్చిరి. తండ్రి 1920లోను, వైమానికుడే యగు తమ్ముడు లోథారు 1922లో విమాన ప్రమాదమునను మరణించిరి. అన్న మరణించునప్పటికి పదునైదేండ్ల బాలుడగు కడపటి తమ్ముడు బోల్కో, 1925లో ఫ్రాన్సునకు బోయి అన్న శరీరమును తోడ్కొనివచ్చెను. స్వగ్రామమున తండ్రి ప్రక్కను ఉంచవలెనని కుటుంబమువారి కోరిక. ప్రభుత్వము బెర్లినే తగినదని కోరగా వారు సమ్మతించిరి. నాజీలు అచ్చట పెద్ద రాయి నిలిపి వంశనామ మొక్కటే చెక్కించిరి. ఇంటిలో 1933లో తెఱచిన ప్రదర్శనశాలయందలి వస్తువులు 1945లో చెల్లాచెదరయ్యెను. బెర్లిను గోడ లేచిన పిమ్మట ఆ శ్మశానము సరిహద్దున జిక్కెను. పాఱిపోవువారిపై కాల్చిన గుండ్లు ఆ రాతికి తగిలినవి. 1975లో కుటుంబమువా రతనిని వీస్‌బాడెను నగరమునకు మార్చి, అప్పటికి నాలుగేండ్ల క్రిందట మరణించిన బోల్కో ప్రక్కను ఉంచిరి. ఇది నాలుగవ సమాధి.

హాకరు సోదరుడును అన్న జీవితమును శోధించి 1965లో గ్రంథముగా వెలువరించెను. హాకరును జర్మనులు విమానము పడినచోటనే బూడ్చిరి. తరువాతి పోరులలో ఆ చోటు గుర్తింపరాకుండ బోయెను. ఆరా పట్టణమున, సమాధి తెలియని వైమానికుల పేర్లు చెక్కిన రాతిపై, అతని పేరు ఉన్నది.