నది దాటి తిరిగిరాని రచయిత

1913 చివరి మాసాలలో అమెరికా, మెక్సికో దేశాల నడుమ ఎల్లగా పారే రియో గ్రాండే నదిని డెబ్బై ఒక్క ఏళ్ల వృద్ధుడొకరు దాటారు. అవతల గట్టున విప్లవం రగులుతోంది. ఆయన సుప్రసిద్ధ రచయిత ఆంబ్రోస్ బియర్స్. ఆ ఏడాది డిసెంబరు 26న చివాహువా నగరం నుండి వ్రాసినట్లు చెప్పే జాబే ఆయన ఆఖరి జాడ. కుమార్తె కోరికపై అమెరికా అధికారులు విచారణ జరిపినా ఫలితం లేకపోయింది.

1842లో ఓహాయో రాష్ట్రంలో జన్మించిన బియర్స్ పందొమ్మిదవ ఏట అంతర్యుద్ధంలో ఉత్తరాది సైన్యాన చేరారు. షైలో రణరంగాన్ని కళ్లారా చూశారు. 1864లో కెన్నెసా కొండ వద్ద తలకు గుండు తగిలింది. యుద్ధానికి వీరగాథల పూత పూయడం ఆయనకు గిట్టేది కాదు. వంతెనపై ఉరితీతకు నిలబెట్టిన ఖైదీని గురించి 1890లో వ్రాసిన కథ నేటికీ పాఠ్యగ్రంథాలలో ఉంది. పత్రికారచయితగా ఆయన వ్యంగ్యానికి జంకని పెద్దమనిషి లేడు. 1896లో ఒక రైలు కంపెనీ ప్రభుత్వ బాకీని ఎగవేయజూస్తే, వాషింగ్టన్‌లో మకాం వేసి ఆ బిల్లు వీగిపోయేదాకా వ్రాశారు. ఇంట మాత్రం సుఖం లేదు. ఇద్దరు కుమారులూ తనకంటే ముందే గతించారు.

ఆ అజ్ఞాత మరణానికి 1985లో రూపమిచ్చినవాడు అవతలి గట్టువాడే కావడం విశేషం. మెక్సికో నవలాకారుడు కార్లోస్ ఫుయెంతెస్ వాషింగ్టన్‌లో బాల్యం గడిపి, ఇరుభాషలూ ఎరిగినవాడు. నవల పేరు 'వృద్ధ గ్రింగో'. గ్రింగో అంటే మెక్సికోవారు అమెరికావారిని పిలిచే మాట.

కథలో వృద్ధుడు చావును వెతుక్కుంటూ వచ్చి తోమాస్ అరోయో అనే విప్లవ సేనాని దండులో చేరతాడు. అరోయో వద్ద ఒక పెట్టె ఉంటుంది. అందులో తన జనానికి ఆ భూములు చెందుతాయని స్పెయిన్ రాజుల కాలంలో వ్రాసిచ్చిన పత్రాలు. చదువురాని ఆ సేనానికి అవే ప్రాణం. వృద్ధుడు వాటిని తగులబెడతాడు. అరోయో అతణ్ణి వెనుకనుండి కాల్చి చంపుతాడు. తాతలనాటి పట్టా కాగితం ఇంట దాచుకున్న సరిహద్దు పల్లెవాసికి ఈ ఘట్టాన్ని వివరించనక్కరలేదు. చంపినవాడి పక్షాన కూడా న్యాయం నిలపడమే ఈ నవల గొప్పతనం.

చివరకు హారియట్ అనే అమెరికన్ ఉపాధ్యాయిని ఆ శవం తన తండ్రిదని చెప్పి స్వదేశానికి తెస్తుంది. తండ్రి కోసం కట్టి, ఖాళీగా ఉంచిన సమాధిలో దానిని పూడ్పిస్తుంది. అసలు బియర్స్‌కు ఆ పాటి సమాధి కూడా దక్కలేదు.