మెదడుకు ముగ్గు వేసినాయన

నాన్న డాక్టరు. కొడుకూ డాక్టరే కావాలని ఆయన పట్టు. కొడుక్కేమో బొమ్మల పిచ్చి! 1852లో స్పెయిన్‌లోని ఒక పల్లెలో పుట్టిన శాంటియాగో రమోన్ ఇ కహాల్ అల్లరికి అంతులేదు. సొంతంగా ఫిరంగి తయారుచేసి పొరుగువాళ్ల గేటు పేల్చేసి, పదకొండేళ్లకే జైల్లో కూర్చున్నాడు. దారికొస్తాడని తండ్రి మంగలి దగ్గరా, చెప్పులు కుట్టే చోటా పనికి పెట్టాడు. చివరికి శ్మశానానికి తీసుకెళ్లి ఎముకలు చూపించి, వాటి బొమ్మలు వేయించాడు. అబ్బాయి అలా వైద్యంలో పడ్డాడు.

మిలటరీ డాక్టరుగా క్యూబా వెళ్లి మలేరియాతో తిరిగొచ్చాడు. వాయిదాల మీద మైక్రోస్కోపు కొన్నాడు. 1879లో సిల్వేరియాను పెళ్లాడాడు. ఏడుగురు సంతానం. ప్రొఫెసరు జీతంతో ఆ సంసారం ఎలా ఈదిందో ఆవిడకే తెలియాలి!

అప్పట్లో మెదడంటే ఎక్కడా తెగని ఒకే వల అనుకునేవారు. ఇటలీకి చెందిన గోల్జీ 1873లో వెండి లవణంతో నాడీకణాలకు రంగు పట్టించే పద్ధతి కనిపెట్టాడు. చిత్రమేమిటంటే వందలో ఏ నాలుగైదు కణాలకో ఆ నలుపు పడుతుంది, పడిన కణం మాత్రం కొసదాకా కనిపిస్తుంది. కహాల్ దాన్ని మెరుగుపరిచి, పక్షుల లేత మెదళ్ల మీద ప్రయోగించాడు. చూసింది చూసినట్టు గీశాడు. చెట్టుకొమ్మల్లా విచ్చుకున్న పోగులు, నడుమ కణదేహం, ఒక పక్కకు సాగిన పొడవాటి తంతువు. ఒక కణం కొస ఇంకో కణం దాకా వస్తుంది కానీ అందులో కలిసిపోదు. అంటే వల కాదు, దేనికది విడి కణమే!

ఎవరు నమ్ముతారు? 1888లో సొంత డబ్బుతో పత్రిక వేశాడు. అచ్చయినవి అరవై ప్రతులే. నెలజీతం మీద బతికే ఇంట్లో ఆ ఖర్చు బరువెంతో మనకు చెప్పక్కర్లేదు. మరుసటి ఏడు బెర్లిన్ సభకు స్లైడులు మోసుకెళ్లి పెద్దలకు స్వయంగా చూపించాకే గుర్తింపు వచ్చింది.

విడి కణం కాబట్టే దాని పొరకు లోపలొకటి, బయటొకటి విద్యుత్తు నిలుస్తుంది. లోపల పొటాషియం ఎక్కువ, బయట మన ఉప్పులో ఉండే సోడియం ఎక్కువ. పొటాషియం కొంచెం కొంచెంగా బయటికి కారడంతో లోపలివైపు సుమారు 70 మిల్లీవోల్టుల రుణావేశం మిగులుతుంది. ఆ తేడా చెదరకుండా పొరలోని పంపు మూడు సోడియంలను తోసి రెండు పొటాషియంలను లాగుతూనే ఉంటుంది. సైన్సు దీన్ని విశ్రాంతి స్థితి అంటుంది. ఇంట్లో ఖాళీగానే ఉంటావుగా అనిపించుకునే ఆడవాళ్లకు ఆ విశ్రాంతి ఏపాటిదో బాగా తెలుసు! ఈ పంపును డెన్మార్క్‌కు చెందిన స్కౌ పీతల నరాల్లో కనిపెట్టింది 1957లో. కహాల్ అప్పటికి లేరు.

1906లో నోబెల్ బహుమతి గోల్జీకీ ఆయనకూ కలిపి ఇచ్చారు. తీరా బహుమతి అందుకున్నాక గోల్జీ తన ఉపన్యాసంలో మళ్లీ వల సిద్ధాంతమే వినిపించాడు! కణానికీ కణానికీ మధ్య ఉన్న సందు 1950లలో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో స్పష్టంగా కనిపించింది.

సిల్వేరియా 1930లో కన్నుమూసింది. కహాల్ 1934 అక్టోబరులో మాడ్రిడ్‌లో పోయారు. ఆయన చేత్తో గీసిన ఆ బొమ్మలు ఇప్పటికీ వైద్యవిద్యార్థుల పుస్తకాల్లో కనిపిస్తాయి.