అనిబిసెంటు జీవితమున సృష్టికథయు, శాస్త్రపాఠమును

పాఠశాలలో జీవపరిణామమును బోధించునపుడు దాని సరసనే మతగ్రంథములలోని సృష్టికథలను గూడ శాస్త్రపాఠముగా జెప్పవలయునా యను ప్రశ్న మన దేశమున మరల తలయెత్తినది. 2018 జనవరిలో కేంద్రప్రభుత్వమున విద్యావ్యవహారములు చూచు సహాయమంత్రి యొకరు డార్విను సిద్ధాంతము శాస్త్రదృష్టిని తప్పనియు, పాఠ్యక్రమమున మార్పు జరుగవలయుననియు ప్రకటించిరి. మరుసటి జనవరిలో జలంధరున జరిగిన భారత విజ్ఞానమహాసభలో ఆంధ్ర విశ్వవిద్యాలయపు నాటి వైస్ ఛాన్సలరుగారు దశావతారములే డార్విను సిద్ధాంతముకంటె మేలైన పరిణామవాదమని వాదించిరి. 2023లో జాతీయ విద్యాపరిశోధన శిక్షణమండలివారు పదవతరగతి విజ్ఞానశాస్త్ర పుస్తకమునుండి పరిణామపాఠమును తొలగించిరి. దానిని మరల చేర్పవలయునని శాస్త్రజ్ఞులును, ఉపాధ్యాయులును, విజ్ఞానప్రియులును 1800 మందికి పైగా చేవ్రాళ్లు చేసి కోరిరి.

ఈ తగవు ఎక్కడనో ఢిల్లీలో జరుగుచున్నది గదా యని మన ప్రాంతమువారు ఊరకుండ వీలులేదు. 1915లో మదనపల్లెలో కళాశాలను నెలకొల్పిన అనిబిసెంటు తన యెనుబదియైదేండ్ల జీవితమున ఈ ప్రశ్నను నాలుగు దిక్కులనుండియు చూచెను. క్రైస్తవ మతాచార్యుని భార్యగా సృష్టికథను నమ్మెను. నాస్తికురాలై శాస్త్రమును బోధించెను. పాఠశాలల పాలకమండలిలో సభ్యురాలై మతబోధకు హద్దులెక్కడనో యెరిగెను. కడపట హిందూబాలురకు మతపాఠ్యగ్రంథములను సిద్ధము చేయించెను. ఇన్ని యనుభవములు ఒక్కరియందు గూడుట అరుదు. కావున ఈ ప్రశ్నను ముందుంచుకొని ఆమె చరిత్రను ఒకసారి తిరుగవేయుట యుచితమని తలంచుచున్నాము.

ఆమె 1847 అక్టోబరు 1వ తేదీన లండను నగరమున జన్మించెను. తండ్రి ఆమె యైదవయేట గతించెను. బాల్యమంతయు భక్తిలో గడచెను. 1867లో ఫ్రాంక్ బిసెంటు అను మతాచార్యునితో వివాహమయ్యెను. ఇద్దరు బిడ్డలు కలిగిరి. 1871లో పసికందైన కూతురు మేబెలు కోరింతదగ్గుతో చావుబ్రతుకుల నడుమ కొట్టుకొనుచుండగా, నిర్దోషియగు శిశువును ఇట్లు బాధించుట దయామయుడగు స్రష్టకు తగునా యను సందేహము తల్లిని పట్టుకొనెను. ఆమె విశ్వాసమును మొదట కదిలించినది డార్విను గాదు, బిడ్డ యూపిరి. శాస్త్రపాఠమే పిల్లల భక్తిని చెరచునని భయపడువారు ఈ సంగతిని గమనింపవలయును. 1873లో ఆమె మనసొప్పని ప్రార్థనలో పాల్గొననని నిరాకరించి భర్తయిల్లు విడిచెను. మరుసటి సంవత్సరమే చార్లెసు బ్రాడ్లా గారి నాస్తికసమాజమున జేరి గొప్ప వక్త యని పేరుగాంచెను.

1877లో బ్రాడ్లాయు, ఆమెయు కుటుంబనియంత్రణమును గూర్చిన యొక చిన్న పుస్తకమును అచ్చువేసినందుకు ప్రభుత్వము వారిపై అభియోగము మోపెను. తమ పక్షమున సాక్ష్యమీయుడని వారు డార్వినునే కోరిరి. ఆయన తమ యనారోగ్యమును, ఆ విషయమున తమకు గల అభిప్రాయభేదమును దెలిపి రాననిరి. శిక్ష పై న్యాయస్థానమున రద్దయ్యెను గాని, 1878లో న్యాయస్థానము కూతును ఆమెనుండి వేరుచేసెను. తల్లి మతవిరోధిని యనుటయే అందుకు ముఖ్యకారణము. డార్విను సాక్ష్యమునకు రాకున్నను ఆమె డార్విను శాస్త్రమును విడువలేదు. ఎడ్వర్డు ఏవెలింగు వద్ద విజ్ఞానశాస్త్రములు చదువనారంభించి, లండను విశ్వవిద్యాలయ పరీక్షలకు కూర్చుండెను. తాను నేర్చినదానిని రాత్రితరగతులలో కార్మికులకు బోధించెను. జంతువుల బుద్ధిని గూర్చి బ్యూఖ్నరు జర్మనుభాషలో వ్రాసిన గ్రంథమును ఇంగ్లీషులోనికి తెచ్చెను.

1883లో ఆమెకు జరిగినదానిని ఉపాధ్యాయులందరును ఎరుగవలయును. లండను యూనివర్సిటీ కాలేజీలో వృక్షశాస్త్ర తరగతిలో చేరబోగా అధికారులు ఆమెను చేర్చుకొనమనిరి. బ్రాడ్లా కుమార్తెకును అదే గతి పట్టెను. మతపరీక్షలు లేకుండ అందరికిని విద్య నేర్పవలయునని వెలసిన కళాశాల యది! మొక్కల యాకులను, పువ్వులను పరిశీలించుటకు వచ్చిన విద్యార్థినిని ఆమె నమ్మకములను బట్టి తిప్పిపంపిరి. శాస్త్రతరగతి వాకిట నిలిచి విశ్వాసమేమని యడుగుట నాస్తికురాలి యెడలను తప్పే, ఆస్తికుని యెడలను తప్పే. నేడు డార్విను పాఠము చెప్పుచు ఇంటి పూజను వెక్కిరించు నుపాధ్యాయుడును, పూజ పేరిట డార్వినును తీసివేయు నధికారియు ఇదే తప్పును రెండు వైపులనుండి చేయుచున్నారు.

1888లో అగ్గిపుల్లల కార్ఖానాలోని బాలికల సమ్మెకు ఆమె అండగా నిలిచెను. ఆ యేటనే లండను పాఠశాలల బోర్డునకు టవర్ హామ్లెట్సు నుండి ఎన్నికయ్యెను. ఇంగ్లండులో 1870 నాటి విద్యాచట్టము ప్రకారము బోర్డు పాఠశాలలలో ఏ యొక్క శాఖకు చెందిన మతప్రశ్నోత్తరములను గూడ బోధింపరాదు. ఇష్టములేని తల్లిదండ్రులు తమ బిడ్డలను మతపాఠమునుండి తప్పించుకొనవచ్చును. మతాభిమానము మెండుగాగల దేశమే ప్రజలందరి సొమ్ముతో నడచు బడికి ఈ హద్దును గీసికొన్నది. మన రాజ్యాంగములోని 28వ యధికరణము ఇంకొక యడుగు ముందుకు వేసి, పూర్తిగా ప్రభుత్వధనముతో నడచు విద్యాలయమున మతబోధ కూడదనియు, ప్రభుత్వ గుర్తింపుగాని సహాయముగాని పొందు విద్యాలయములలో ఎవరినిగాని వారి సమ్మతి లేనిదే, వారు బాలురైనచో సంరక్షకుల సమ్మతి లేనిదే, మతబోధకు కూర్చుండజేయరాదనియు శాసించుచున్నది.

1889లో ఆమె జీవితము మరియొక మలుపు తిరిగెను. బ్లావెట్‌స్కీ గ్రంథమును విమర్శకై చదివి, ఆ వాదమునకు లోబడి దివ్యజ్ఞానసమాజమున జేరెను. 1893 నవంబరులో భారతదేశమున అడుగుపెట్టెను. 1898లో కాశీలో సెంట్రల్ హిందూ కళాశాలను స్థాపించెను. క్రైస్తవ మిషను బడులలో బైబిలు పాఠము, ప్రభుత్వపు బడులలో ఏ పాఠమును లేకపోవుట, ఈ రెంటి నడుమ హిందూబాలుడు తన పెద్దల ధర్మమెరుగక పెరుగుచున్నాడని ఆమె బాధ. భగవాన్ దాసు గారితో గూడి సనాతనధర్మ పాఠ్యగ్రంథములను సిద్ధపరచెను. అయినను ఆ మతమునకు ప్రత్యేక గ్రంథమును ఏర్పరచెనేగాని రసాయనశాస్త్ర పుస్తకమున దానిని చొప్పింపలేదు. ఆ కళాశాల మొదటి ప్రిన్సిపాలు ఆర్థర్ రిచర్డ్‌సన్ రసాయనశాస్త్రవేత్తయే యనుట ఇచ్చట గుర్తింపదగినది.

పిమ్మట మదనపల్లె కళాశాల వెలసెను. 1916లో హోంరూలు లీగు స్థాపన, 1917లో ఉదకమండలమున నిర్బంధము, ఆ సంవత్సరాంతమున కలకత్తా కాంగ్రెసు అధ్యక్షత వరుసగా వచ్చినవి. జేమ్సు కజిన్సు ప్రిన్సిపాలుగా నున్న కాలమున, 1919 ఫిబ్రవరిలో, రవీంద్రనాథ ఠాకూరు మదనపల్లెకు వచ్చి జనగణమన గీతమును ఇంగ్లీషున వ్రాసినది ఈ కళాశాలలోనే. ఇదియంతయు మనవారెరిగిన చరిత్ర. మేము చెప్పదలచినది అంతగా చర్చకురాని యొక సంగతి.

1899 డిసెంబరులో అడయారున ఆమె అవతారములను గూర్చి నాలుగు ఉపన్యాసములిచ్చెను. మత్స్య కూర్మ వరాహ నారసింహ క్రమమున జీవపరిణామము సూచితమైనదని వ్యాఖ్యానించెను. బ్లావెట్‌స్కీ 1877లోనే ఈ పోలికను చూపియుండెను. నేడు డార్వినునకు బదులుగా దశావతారములను నిలుపగోరువారు ఎరిగియో యెరుగకయో ఈ బాటనే నడచుచున్నారు. కాని భేదమొకటి కలదు. అనిబిసెంటు పరిణామము సత్యమని ఒప్పుకొని, ఆ సత్యముతో పురాణమునకు గౌరవము తేజూచెను. నేటివారు పురాణముతో పరిణామమును తోసివేయజూచుచున్నారు. ఆమెకు మెట్టుగా నుండినది వీరికి గోడయైనది.

ఆమె చేసిన సమన్వయమునైనను శాస్త్రపాఠమున చేర్పవచ్చునా? చేర్పరాదనియే మా నిశ్చితాభిప్రాయము. భాగవతమును చదివినవారికి కారణము సులభముగా దోచును. ప్రథమస్కంధములోని అవతారముల పట్టికలో వరాహము రెండవది, మత్స్యము పదియవది, కూర్మము పదునొకండవది. ఆ పట్టికలో పది గాదు, ఇరువదిరెండు అవతారములు కలవు. ఇందే క్రమము పరిణామక్రమమని బాలుడడిగిన, ఉపాధ్యాయుడేమని చెప్పును? మరియు పరిణామము మెట్లవరుస గాదు, కొమ్మలు చీలిన వృక్షము. తాబేలు వరాహమునకు పూర్వీకురాలు గాదు. నారసింహుడు మృగమునకును మనుష్యునికిని మధ్యజాతి గాడు, భక్తుని మొర విని స్తంభమునుండి వెడలిన దైవము. ప్రహ్లాదుని కథను ప్రాణిశాస్త్రమున కూర్చుండబెట్టితిమా, శాస్త్రము చెడును, కథయు చెడును. పోతన చేత పులకించిన కథను పరీక్షాపత్రమున తప్పొప్పులకు నిలుపుట భక్తి యనిపించుకొనదు.

శాస్త్రపాఠమునకు గుర్తు ఒక్కటే. నీకెట్లు తెలియునని విద్యార్థి యడిగినప్పుడు గురువు చేతికందు ఆధారమును చూపవలయును. మన పడమటి తాలూకాలలో అట్టి యాధారములకు కొదువలేదు. పుంగనూరు పొట్టియావు మూడడుగుల యెత్తునకు మించుట యరుదు. ఒంగోలు గిత్త మనుష్యుని భుజమును దాటును. రెండును మూపురముగల యొకే పశుజాతి సంతతి. రైతులు తరతరములుగా తమకు గావలసిన లక్షణములను ఏరి పెంచుటచే ఇంత భేదమేర్పడినది. డార్విను 1859 నాటి తన గ్రంథమును పెంపుడు జీవుల భేదములతోనే ప్రారంభించెను. మనుష్యుడు కొన్ని వందల యేండ్లలో చేసినది ప్రకృతి కోట్లయేండ్లలో చేయజాలదా యను తర్కము పుంగనూరు పశువులకొట్టమునుండి మొదలిడవచ్చును.

ఇక దక్షిణమున కుప్పము సంగతి. కోలారు బంగారుగనుల రాతిపట్టీ చిగురుగుంట వైపు సాగివచ్చి ఆ సీమను చేరినది. ఆ రాళ్లకు 250 కోట్లయేండ్లకు పైబడిన వయస్సు. రాతిలోని యురేనియము సీసముగా మారు వేగమును కొలిచి శాస్త్రజ్ఞులు అట్టి లెక్కలు కట్టుదురు. బ్రహ్మదేవుని పగలు 432 కోట్లయేండ్లనియు, భూమి వయస్సు సుమారు 454 కోట్లయేండ్లనియు పోల్చి సంతోషించుటలో దోషము లేదు. కాని ఒకటి కొలిచి చెప్పిన సంఖ్య, మరియొకటి యుగముల గుణకారము. ఈ భేదమును మరుగుపరచుట బాలుని వంచించుట. కుప్పము బాలుడు మూడు భాషల నడుమ పెరుగును. మన కన్ను, తమిళుల కణ్, కన్నడిగుల కణ్ణు ఒక్క మూలపదమునుండి చీలినవని అతడు సులభముగా గ్రహించును. 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయము అచ్చటనే వెలసినది. జీవుల వంశవృక్షమును వివరించుటకు డార్వినే భాషల వంశవృక్షమును ఉపమానముగా గొన్నాడు.

రెంటిని ప్రక్కప్రక్కన చెప్పి బాలుని యిష్టమునకు విడుచుట న్యాయముగదా యని కొందరందురు. ఈ వాదము అమెరికాలో బాగుగా నలిగినది. 1925లో టెన్నెసీ రాష్ట్రమున పరిణామము బోధించిన ఉపాధ్యాయునకు నూరు డాలర్ల జరిమానా విధించిరి. పిమ్మట నిషేధము చెల్లకపోగా, సరిసమానముగా సృష్టివాదమును జెప్పవలయునని లూయిసియానా రాష్ట్రము చట్టము చేసెను. 1987లో అచ్చటి సుప్రీముకోర్టు దానిని కొట్టివేసెను. మనదేశమున ఈ సమానత్వము మరింత అసాధ్యము. ఏ సృష్టికథను చెప్పవలయును? పురుషసూక్తములోనిదా, బైబిలులోనిదా, ఖురానులోనిదా, చెంచుల యిండ్లలోనిదా? ఋగ్వేదములోని నాసదీయసూక్తము సృష్టి యెట్లు కలిగినదో పైనుండి చూచువానికైనను తెలియునో లేదో యని సందేహించి ముగియుచున్నది. అంతటి వినయము గల వాఙ్మయమునకు వారసులమై, తెలియనిదానిని తెలిసినట్లు బాలురచే వల్లెవేయించుట మనకు తగదు.

అనిబిసెంటు చివరి దినములలో మరియొక పాఠము కలదు. మదనపల్లెలో జన్మించిన జిడ్డు కృష్ణమూర్తిని జగద్గురువుగా ఆమె ప్రకటింపగా, 1929లో ఆయన ఆ సంఘమును తన చేతులమీదుగానే రద్దుచేసి, సత్యమునకు ఎవరి యధికారమును ప్రమాణము గాదని తేల్చెను. ఆమెకు కష్టముగానుండియుండును, అయినను ఆయనపై వాత్సల్యమును విడువలేదు. 1933 సెప్టెంబరు 20వ తేదీన అడయారున దేహము చాలించెను. ఆమె నమ్మిన మూలజాతులను, అట్లాంటిసు ఖండమును శాస్త్రము అంగీకరింపలేదు. ఆమె చిత్తశుద్ధికి కొరతలేదు. చిత్తశుద్ధి మాత్రము ఆధారము గానేరదు.

కావున మేము కోరునది ఇది. పరిణామపాఠము పదవతరగతి పుస్తకమునకు తిరిగిరావలయును. ఆ తరగతి తరువాత పెక్కుమంది బాలబాలికలు జీవశాస్త్రమును మరల తాకరు. వారికి అదియే తుది యవకాశము. సృష్టికథలు తెలుగు పాఠమునను, చరిత్రపాఠమునను సగౌరవముగా నుండవలయును, అన్ని మతములవియు, అడవిబిడ్డలవియు. శాస్త్రోపాధ్యాయుడు ఎవరి విశ్వాసమును గేలిచేయరాదు, ఎవరి విశ్వాసమునకు జడిసి పాఠమును కుదింపరాదు. ప్రభుత్వము ఈ రెండింటికిని బాధ్యత వహింపవలయును.