రంగనాథుని నాదసేవకులు షేక్ చినమౌలానా

ఉత్సవమూర్తి వాహనమధిరోహించి మాడవీథులలో వేంచేయునపుడు, దర్శనమునకు మునుపే భక్తుల చెవులకు సోకునది నాదస్వరము. ఆ మంగళవాద్యమునే తమ జీవితమునకు ఆధారముగా చేసికొని, శ్రీరంగనాథుని పాదసన్నిధిని నివాసమేర్పరచుకొనిన తెలుగు విద్వాంసులు షేక్ చినమౌలానా సాహెబుగారు.

వీరు ఒంగోలు సమీపమునగల కరవది గ్రామమున 1924వ సంవత్సరము మే 12వ తేదీన జన్మించిరి. మతముచే ముస్లిములైనను, తరతరములుగా దేవాలయములలో నాదస్వరము వాయించిన వంశము వారిది. తొలుత తండ్రి కాశిం సాహెబుగారి వద్దను, పిదప చిలకలూరిపేటలో షేక్ ఆదం సాహెబుగారి వద్దను విద్య నభ్యసించిరి.

ఈ వాద్యము సాధకునకు సులభముగా లొంగునది కాదు. వేణువునందు ఊపిరి రంధ్రపు అంచును తాకి చీలుటచే నాదము పుట్టును. పాశ్చాత్యుల క్లారినెట్టునందు ఒకే రెల్లుపలక గట్టి మూతిపై అదరును. నాదస్వరమునకో, రెండు రెల్లురేకులను ఎదురెదురుగా చేర్చి కట్టిన పీక యుండును. ఊపిరి సోకగనే ఆ రేకులు పెదవుల నడుమ తెరచుకొనుచు మూసుకొనుచు కంపించును. సన్నాయి, పాశ్చాత్యుల ఓబో ఈ జాతివే. పైన సన్నమై క్రిందికి వెడల్పగు దీర్ఘమైన గొట్టము ఆ కంపమును గంభీరనాదముగా మార్చును. కనుకనే వేలాది జనుల కోలాహలములోను, డోలు మ్రోతలోను ఆ స్వరము అణగిపోదు. వ్రేళ్లాడుటకు గల రంధ్రములు ఏడే. వాని నడుమనుండు సూక్ష్మస్వరములను, గమకములను పలికించుటకు వ్రేళ్లతోపాటు పెదవుల బిగువు, ఊపిరి నిగ్రహము మిక్కిలి ముఖ్యములు. ఊపిరి ఏమాత్రము సడలినను శ్రుతి తప్పును.

ఇట్టి విద్య ఇంట లభించియుండియు చినమౌలానాగారు తృప్తి చెందలేదు. తంజావూరు బాణీలోని రాగాలాపన వారి మనస్సును హరించినది. ఆ బాణీని అభ్యసింపగోరి నాచ్చియార్‌కోయిల్ సోదరులైన రాజం, దురైకణ్ణుగారలకు శిష్యులైరి. తుదకు శ్రీరంగమే వారి స్వస్థలమైనది. అచ్చట 1982లో శారదా నాదస్వర సంగీతాశ్రమమును స్థాపించి శిష్యులకు విద్యాదానము గావించిరి. 1977లో పద్మశ్రీ, 1998లో మద్రాసు సంగీత విద్వత్సభవారి సంగీతకళానిధి బిరుదము వారిని వరించినవి. 1999 ఏప్రిల్ 13వ తేదీన వారు దివంగతులైరి.

వీణాగానముతో స్వామిని సేవించిన తిరుప్పాణాళ్వారును లోకసారంగ మహాముని తన భుజములపై నెక్కించుకొని సన్నిధికి గొనిపోయినది ఈ శ్రీరంగముననే. రంగనాథుడు గాయకుని పుట్టుకను గణింపక, వాని భక్తినే గ్రహించెనని మన పెద్దలు ఆ కథవలన బోధించిరి. ఆ క్షేత్రముననే, వేరొక మతమున పుట్టి, తమ ఊపిరిని నాదముగా మార్చి అర్పించిన చినమౌలానాగారి చరిత్రము అదే సత్యమును మన కాలమున స్థిరపరచినది. కైంకర్యమునకు వలసినది నిష్ఠ. స్వామి మెచ్చునదియు అదియే.